ఏడుపు రాని సాయంత్రం

బస్సు విల్లుపురం దాటిందని, సంఘం పిల్లల క్యాంపు నడిపే జయప్రకాశ్ అన్న ఫోన్‌లో మెసేజ్ పెట్టగానే వల్లి ఇంటికి తాళం వేసి వచ్చేసింది. విల్లుపురం దాటిన బస్సు నెల్లితోపులోని ఈ సందుకు చేరాలంటే ఎంత లేదన్నా గంట పడుతుందని ఆమెకు తెలియక కాదు, ఇంట్లో కాలు నిలవక. తెలివైన తల్లులెవరూ ఇంకా రాలేదు. వాళ్ళు బస్సు సందు మొదట్లో హారన్ కొట్టాక చీర సర్దుకుంటూ వస్తారు, పిల్ల నల్లబడిందనో చిక్కిందనో ఒక మాట అని సంచి అందుకుంటారు. వల్లి మాత్రం మే నెల ఎండలో, ప్రార్థన హాలు మెట్ల పక్కన, గోడ వెంబడి జానెడు వెడల్పున పడ్డ నీడలో వీపు ఆనించి నిలబడింది. కింద చెప్పుల కొట్టు, పైన హాలు. కొట్టతను షట్టరు సగం దించుకుని లోపల నిద్రపోతున్నాడు. రోడ్డు మీద టౌన్ బస్సులు ఒకదాని వెనక ఒకటి అరుచుకుంటూ పోతున్నాయి, ప్రతిసారీ ఆమె తల అటు తిరుగుతోంది, అది ఆ బస్సు కాదని ముందే తెలిసి కూడా. ఇన్నేళ్ళుగా ఆ బస్సులో కూర్చుని ఈ సందులోకి వచ్చిందే గానీ, సందులో నిలబడి బస్సు కోసం ఎదురుచూడటం ఆమెకు ఇదే మొదలు. ఏర్కాడు కొండ దిగేటప్పుడు పిల్లలు గొంతు బొంగురుపోయేదాకా పాడే పాటలు, మలుపుల దగ్గర కడుపులో తిప్పే పిల్లకు తాను నిమ్మకాయ వాసన చూపించడం, అన్నీ బస్సు లోపలి సంగతులు. బయట నిలబడ్డవాళ్ళకు గుండె ఇంత దడదడలాడుతుందని ఏ తల్లీ చెప్పలేదు. చెప్పినా వినేదా? ఈ ఏడు తనను ఎక్కించుకోకపోవడానికి కారణం జయప్రకాశ్ అన్న పెట్టిన రూలు, కన్నబిడ్డ మొదటిసారి క్యాంపుకు వచ్చే ఏడు తల్లి రాకూడదు. "అమ్మ పక్కనుంటే పిల్ల ఏడవదు వల్లీ," అని నవ్వాడు. ఆ రూలు పెట్టిన రోజు తలలూపినవాళ్ళలో తానూ ఉంది. వేరే తల్లుల విషయంలో అది ఎంత న్యాయంగా కనబడిందో.

ఏడవదు. ఆ మాటే ఇప్పుడు గుచ్చుకుంటోంది. ఆర్తి ఏడవలేదు. పదిహేనేళ్ళ పిల్ల, చిన్నప్పటి నుంచీ దేనికైనా ముందు కారణం అడిగే పిల్ల, క్యాంపుకు పోనంటే పోనని మూలన కూర్చున్న పిల్ల. బలవంతం చేయలేదు, బతిమాలింది అంతే, అని వల్లి తనకు తాను చెప్పుకుంది, మళ్ళీ వెంటనే, తల్లి బతిమాలితే అది బలవంతం కాకుండా ఇంకేమవుతుంది అనుకుంది. ఒక్కసారి పో పాపా, నాకు దొరికింది నీకూ దొరకాలి, నేనింకేం ఆస్తి ఇస్తాను నీకు, అంది. ఆస్తి! ఆ మాట తన నోట ఎట్లా వచ్చిందో. మొగుడు వెట్రివేల్ అన్నం తింటూ అంతా విని, చెయ్యి కడుక్కుంటూ, "పిల్లను ఏడిపించేదానికి కొండ మీదికి తీసకపోవాల్నా? ఇంట్లో నువ్వుండావు గదా," అన్నాడు. ఆయన ఎప్పుడూ అంతే. సేదరపేట్‌లో ఫ్యాక్టరీ షిఫ్టు దిగి వచ్చి స్నానం చేసి గోడ మీద మురుగన్ పటానికి దణ్ణం పెట్టుకుని టీవీ ముందు కూర్చుంటాడు, భార్య దేవుడి జోలికి పోడు, తన దేవుడి జోలికి ఆమెను రానివ్వడు, ఆ ఒప్పందం మీదే ఇల్లు నడుస్తోంది. ఆ మాటకు ఆర్తి పకపకా నవ్వింది. వల్లికి కోపం వచ్చింది. అది నవ్వులాట మాట అనుకుంది అప్పుడు.

నిన్న పొద్దున ఫోన్ వచ్చింది. క్యాంపులో పిల్లల దగ్గర ఫోన్లు ఉండవు, బస్సెక్కేటప్పుడే తీసుకుని సంచిలో వేసి కట్టేస్తారు, కొన్నేళ్ళు ఆ సంచి పట్టుకుని నిలబడింది వల్లే. అందుకని జయప్రకాశ్ అన్న నంబరు నుంచి వచ్చింది, వెనకాల పిల్లల కేకలు, ప్లేట్ల చప్పుడు, ఆర్తి గొంతు మాత్రం చాలా చిన్నగా.

"అమ్మా, నిన్న సాయంకాలం మంట ప్రార్థన అయిపోయింది."

"ఏమైంది పాపా? చెప్పు."

"ఏం కాలే. అందరూ ఏడ్చినారు. నాకు రాలే. ఎంతసేపు కండ్లు మూసుకోనుంటినో తెల్సా? మా గ్రూపు అక్క చెప్పింది, నా మనసు గట్టిదంట, దేవుడు వాకిట్లోనే నిలబడుకోనుండాడంట. నాకేమన్నా తప్పుండాదా మా?"

అప్పుడు చెప్పి ఉండాల్సింది. ఒక్క మాట. ఆ ఒక్క మాట చెప్పి ఉంటే ఇప్పుడు ఈ గోడకు ఆనుకుని ఇట్లా దడదడలాడుతూ ఉండేది కాదు. వల్లి నోట్లోంచి వచ్చింది మాత్రం ఇన్నేళ్ళుగా ఊరి పిల్లలందరికీ చెప్పి చెప్పి నోరు తిరిగిపోయిన మాట. "అట్ల అనుకోకూడదు. ఈ పొద్దు సాయంకాలం ఇంకా ఉండాది గదా. ఇంకా కొంచెం అడుగు. నాకిచ్చినోడు నీకియ్యకుండా పంపిస్తాడా?" అవతల ఆర్తి "శరి" అంది, తమిళంలో, లెక్కల టీచరు ముందు అనే శరి, ఇంక అడిగి లాభం లేదని తెలిశాక అనే శరి. ఫోన్ పెట్టేశాక వల్లి కందిపప్పు కడిగింది, బట్టలు ఆరేసింది, మనసులో ఆ శరి మళ్ళీ మళ్ళీ వినబడుతూనే ఉంది. తిరిగి చేయొచ్చు కదా. చేస్తే జయప్రకాశ్ అన్న ఎత్తుతాడు, ఏమిటని అడుగుతాడు, ఏమని చెప్పాలి? నా బిడ్డకు ఏడుపు రాకపోయినా పరవాలేదని చెప్పాలా? ఆయనకు చెప్పగలదా? ఆయన మోసగాడైతే ఎంత బాగుండేది, తిట్టుకుని ఊరుకునేది. మంట ముందు ఆయనా నిజంగానే ఏడుస్తాడు, ప్రతి ఏడూ, ముక్కు ఎర్రబడిపోయేదాకా.

మంట సాయంత్రం ఎట్లా తయారవుతుందో వల్లికి తన ఇంటి సాంబారు ఎట్లా తయారవుతుందో తెలిసినంత బాగా తెలుసు. ఆ రోజు మధ్యాహ్నం ఉపవాసం పేరున గంజి మాత్రమే, కడుపు నిండినవాడికి కన్నీళ్ళు రావు. ముందు రెండు రోజులు తెల్లారకముందే లేపి ఉంటారు కాబట్టి నిద్ర చాలదు. పొద్దు వాలుతుండగా ఒక్కొక్కరి చేతికీ మంటలో వేయడానికి ఒక ఎండుపుల్ల ఇచ్చి, మాట్లాడకుండా వరసగా మైదానానికి నడిపిస్తారు, వాగుతూ వాగుతూ తిరిగిన పిల్లలు అంతసేపు నోరు మూసుకుని నడిచేసరికే సగం మెత్తబడతారు. కీబోర్డు అబ్బాయి రెండే రెండు మెట్ల మీద చేతులు పెట్టి ఒకే పాట తిప్పుతుంటాడు. జయప్రకాశ్ అన్న గొంతు తగ్గించి అమ్మానాన్నల గురించి మొదలుపెడతాడు, వాళ్ళను ఎన్నిసార్లు బాధపెట్టావో తలచుకో, నిన్ను ఎవరూ ప్రేమించడం లేదని ఎన్ని రోజులు దిండు తడిపావో తలచుకో. దిండు అనే మాట దగ్గర మొదటి పిల్ల ఏడుపు అందుకుంటుంది. ఆవలింతలాగే ఏడుపు కూడా పక్కవాళ్ళకు అంటుకుంటుంది. అప్పుడు పెద్దపిల్లలు, వల్లి లాంటి అక్కలు, వెనక నుంచి మెల్లగా వచ్చి ఇంకా ఏడవని పిల్ల భుజం మీద చెయ్యి వేయాలి. వేళ్ళు నొక్కకూడదు, బరువు మాత్రం తెలియాలి. ఎప్పుడు వేయాలో వల్లికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదని అందరూ అంటారు. వల్లి చెయ్యి పడితే బండరాయి కూడా కరుగుతుందని పాస్టరమ్మ మైకులో చెప్పింది ఒకసారి. అది విని వల్లి తల దించుకుంది, లోపల మాత్రం ఎంత పొంగిపోయిందో. దేవుడు రావడానికి దారి ఊడుస్తున్నాం, నీళ్ళు చల్లుతున్నాం, అందులో తప్పేముంది అనుకునేది. తప్పని ఇప్పుడైనా గట్టిగా అనగలదా? ఆ మంట దగ్గర మారిన పిల్లలు లేరా, తాగుడు మానిన అబ్బాయి, తల్లితో మళ్ళీ మాట కలిపిన అమ్మాయి? ఉన్నారు. మూడు నెలలకు దాన్ని మరచిపోయి, మళ్ళీ మే నెల ఎప్పుడొస్తుందా అని కాచుకుని, దేవుడంటే ఏర్కాడులో ఉండే మనిషి అనుకుని ఊళ్ళో ఆయన కోసం వెతకని పిల్లలూ ఉన్నారు. వాళ్ళే ఎక్కువ.

నీడ గోడ మీంచి కాస్త ముందుకు జరిగింది, రెండు పాదాలూ నీడలో పెట్టుకునేంత చోటు వచ్చింది. ఎదురుగా మెస్సు, మధ్యాహ్నం భోజనాలు ముగిసి బల్లల మీద కుర్చీలు బోర్లించారు, పక్క సందులో ఒక మనిషి చీర మోకాళ్ళదాకా దోపుకుని అన్నం గుండిగ అడుగు తోముతోంది. కొబ్బరిపీచు అల్యూమినియం మీద గరగరమంటోంది, ఆగి నీళ్ళు కుమ్మరించిన చప్పుడు, మళ్ళీ గరగర. ఇంతసేపూ అది వినబడుతూనే ఉన్నట్టుంది, వల్లి వినలేదు. అడుగంటిన గుండిగ. లోపల చెయ్యి పెడితే భుజందాకా పోతుంది, మొహం కూడా గుండిగలోకి వంగుతుంది, మనం పీల్చిన గాలే మనకు వేడిగా తగులుతుంది. తనకెట్లా తెలుసు ఇది? తన ఇంట్లో అంత గుండిగ యాడుంది? ఒర్లియంపేటలో పుట్టింట్లోనూ లేదు. వల్లి గోడ నుంచి వీపు తీసి నిలబడింది. రేకుల షెడ్డు, కొండ చలి, కట్టెల పొయ్యి మీద కాగిన వేణ్ణీళ్ళు, ఎవరిదో మోకాళ్ళ నొప్పుల మీద గొణుగుడు. దూరంగా పాట. పాట దూరంగా ఉండటమేమిటి, పాట తన చుట్టూ కదా ఉండాలి, తాను మంట దగ్గర కదా ఉంది?

లేదు. మంట దగ్గర లేదు. పదిహేనేళ్ళ వల్లి, పక్కింటివాళ్ళు పిలిస్తే కొండ చూడొచ్చని ఆశపడి వచ్చిన పిల్ల, మిల్లు కార్మికుడి కూతురు, ఏసు పేరు తప్ప ఇంకేమీ తెలియని పిల్ల, చేతిలో పుల్ల మంటలో వేసేసి చుట్టూ అందరూ ఏడుస్తుంటే తనకొక్కదానికీ కన్నీటి చుక్క రాక భయపడిపోయింది. రెప్పలు గట్టిగా మూసింది, చచ్చిపోయిన అవ్వను తలచుకుంది, అయినా రాలేదు. ఎవరో అక్క వెనక నిలబడి చెయ్యి వేయబోతున్నట్టు అనిపించి, ఆ చెయ్యి పడకముందే వంగి, గుంపులోంచి జారుకుని, పొగ వైపు కాకుండా వెలుతురు వైపు నడిస్తే అది వంటషెడ్డు. పూంగొడి అనే వంటామె అక్కడ గుండిగలు ముందేసుకుని ఉంది. ఎవురే అది, అంది తమిళంలో. వల్లి భయంతో ఏమి చెప్పిందో ఏమో, ఆ తత్తరపాటులో ఇంటి మాట దొర్లింది. ఆమె తల ఎత్తి, "తెలుగోళ్ళ పిల్లవా? యాడ మీ ఇల్లు?" అంది. ఊళ్ళో వీధి దాటితే ఎవరూ మాట్లాడని మాట, అమ్మ, నాన్న, అవ్వ తప్ప ఎవరి నోటా వినని మాట, చదవడం రాని మాట, కొండ మీద, ఆ చలిలో. పూంగొడి గొప్పగా ఏమీ చెప్పలేదు. ఎందుకొచ్చావనీ అడగలేదు. "వచ్చినదానివి ఊరికే నిలబడుకోబాకు, ఆ పీచు తీసుకో," అంది, తరవాత తన మోకాళ్ళను తిట్టుకుంది, జీతం పెంచని మేనేజరును తిట్టుకుంది, సాంబారు అడుగంటించి గిన్నెలు నల్లబెట్టిన తన కోడలిని తిట్టుకుంది. వల్లి మోచేతులదాకా వేణ్ణీళ్ళలో పెట్టి అడుగు తోముతూ ఉంది. తోముతుండగా ఒక క్షణాన భయం పోయింది. ఎట్లా పోయిందో తెలియదు, పోయిందని తరవాత తెలిసింది. పక్కన ఎవరో ఉన్నట్టు, పూంగొడి కాదు, ఇంకెవరో, తనను ఏమీ అడగని మనిషి ఒకరు తీరిగ్గా కూర్చుని ఉన్నట్టు అనిపించింది. ఏడవమని అడగలేదు. పుల్ల వేశావా అని అడగలేదు. ఎంత హాయిగా ఉండిందో. తన బతుకులో అంతకంటే నిజమైనది ఇంకొకటి లేదు, దాని మీదే ఇన్నేళ్ళ ప్రార్థన, ఇన్నేళ్ళ ఓర్పు నిలబడి ఉన్నాయి, దాన్ని తాను ఎట్లా మరచిపోయింది?

మరచిపోలేదు, మార్చింది. అది కూడా తాను పనిగట్టుకుని మార్చలేదు. ఈ హాలుకు అప్పటికి కొబ్బరాకుల కప్పు. కొండ దిగిన పిల్లలు ఇంటికి పోకముందే, దుమ్ముతో, చెమటతో తిన్నగా లోపలికి వచ్చి అందరి ముందూ సాక్ష్యం చెప్పాలి, ఇల్లు చేరితే వేడి చల్లారిపోతుందని ఈ సంఘంలో మొదటి నుంచీ అదే పద్ధతి. వల్లి కంటే ముందు లేచిన పిల్ల మంట గురించి చెప్పింది. ఆ ముందు పిల్లా మంటే. వల్లి లేచింది. సాంబారు గుండిగ తోముతుండగా అని ఎట్లా చెబుతుంది? నవ్వరూ? దేవుడు నా దగ్గరికి వచ్చాడు, అంది. అది నిజమే. పాస్టరయ్య ప్రేమగా ముందుకు వంగి, మంట దగ్గరే కదా తల్లీ, అన్నాడు. ఆమె తలూపింది. తల ఊపడానికి ఎంతసేపు? చప్పట్లు, అల్లేలూయాలు, పక్కింటామె వచ్చి కౌగిలించుకుంది. మరుసటి ఏడు కొత్త పిల్లలకు ధైర్యం చెప్పమంటే మళ్ళీ చెప్పింది, ఈసారి మంటకు వేడి వచ్చింది. ఆ తరవాతి ఏడు బుగ్గల మీద కన్నీళ్ళు వచ్చాయి. ఏళ్ళు గడిచేసరికి కళ్ళు మూసుకుంటే మంటే కనబడేది, ఎర్రగా, నిప్పురవ్వలతో సహా. పూంగొడి గొణుగుడు, పీచు గరగర, ఆ మాట్లాడని మనిషి, అంతా ఆ పొగలో కలిసిపోయింది. ఆర్తి ఒళ్ళో పడుకునే వయసు నుంచీ విన్నది ఆ మంట కథే. "అమ్మా, అప్పుడు నీకు ఎట్ల ఉండె?" అని అడిగేది. లోపల ఏదో కరిగిపోయినట్టు ఉండె పాపా, కండ్లనీళ్ళు ఆగలే, అని చెప్పేది వల్లి, దాని జుట్టు నిమురుతూ, మనసారా. పిల్ల మంట ముందు కూర్చుని దాని కోసమే కదా కాచుకుంది. రానిదాని కోసం. తల్లికే రానిదాని కోసం. వల్లికి అక్కడే, ఎండలో, ఎదురుగా మెస్సు మనిషి చూస్తుండగా ఏడుపు వచ్చేసింది. కొంగు అడ్డం పెట్టుకుంది.

ఇంకా ఎంతమంది ఆర్తులు. కయల్‌విళి అని ఒక పిల్ల ఉండేది, సన్నగా, నవ్వితే చిగుళ్ళు కనబడేవి. రెండేళ్ళు వరసగా వచ్చింది క్యాంపుకు, రెండేళ్ళూ కన్నీళ్ళు లేవు. రెండో ఏడు వల్లి ఆ పిల్ల భుజం మీద చెయ్యి వేసి పాట అయిపోయేదాకా తీయలేదు. చెయ్యి కింద ఆ ఎముక బిగుసుకుని ఉండటం ఇప్పుడు అరచేతికి గుర్తొస్తోంది. ఆ పిల్ల ఆ తరవాత చర్చికి రాలేదు. ఎందుకు రాలేదని అందరూ అడిగితే, మనసు ఇవ్వలేదండీ, అని వల్లే జవాబు చెప్పింది, బాధగా, నిజంగా బాధగానే. ఇప్పుడు టౌన్‌లో ఒక సెల్‌ఫోన్ కొట్టులో పనిచేస్తుంది. ఆ మధ్య ఆర్తి ఫోన్‌కు కవరు కొనడానికి పోతే వల్లిని చూసి అటు తిరిగి అరలు సర్దుతూ నిలబడింది, వేరే అబ్బాయి వచ్చి కవరు చూపించాడు. పొగరు అనుకుంది వల్లి. కాదు, భుజం దాచుకుంది ఆ పిల్ల. ఆ పిల్లకు కూడా ఎక్కడైనా, ఏ మెట్ల మీదో, ఏ బస్సులోనో, ఏమీ అడగని ఆ మనిషి వచ్చి కూర్చునే ఉంటాడేమో, ఇది ఆయన కాదులే, ఆయన వస్తే మంట ఉంటుంది, కన్నీళ్ళు ఉంటాయి, అనుకుని లేచి పోయిందేమో. అట్లా అనుకునేట్టు నేర్పింది ఎవరు?

చెప్పేస్తుంది. ఈ రోజే, బస్సు తలుపు దగ్గరే, హాలులోకి ఎక్కకముందే. తల్లులు కొందరు వచ్చారు, మరగతమ్మ కూడా వచ్చింది, సంఘంలో పెద్దామె, కళ్ళద్దాలు తుడుచుకుంటూ, "ఏం వల్లీ, నీ బిడ్డ సాక్ష్యం వినాలనే మోకాళ్ళ నొప్పితో మెట్లెక్కుతున్నా ఈ పూట," అంది. వల్లి నవ్వింది. మనసులో మాత్రం మాటలు వరసగా పేర్చుకుంటోంది, ఇంటి మాటలు, ఇక్కడ వేరే ఎవరికీ తెలియని మాటలు కాబట్టి ఎంతమంది మధ్యలోనైనా చెప్పొచ్చు. నాకూ రాలేదు పాపా ఏడుపు. నీ మాదిరే నేను బెదిరిపోయి వంటషెడ్డుకు పరుగెత్తినా. నీ మనసు గట్టిది కాదు. నువ్వు ఊరికే ఉండు, ఆయన వచ్చేటప్పుడు వస్తాడు, రాకపోయినా నువ్వు నా బిడ్డవే. చివరి మాట దాకా వచ్చి, మళ్ళీ మొదటి నుంచి అనుకుంది. ఈ నాలుగు మాటలూ చెబితే చాలు. పిల్ల తేలికపడుతుంది, వాళ్ళ నాన్నతో చెప్పి నవ్వుకుంటుంది, నవ్వుకోనీ. హారన్ మోగింది.

బస్సు సందులోకి తిరిగింది, కిటికీల్లోంచి చేతులు, పాట, బొంగురు గొంతులు. జయప్రకాశ్ అన్న మెట్టు మీద నిలబడి చెయ్యి ఊపుతున్నాడు. తలుపు దగ్గరికి వల్లి అందరికంటే ముందు చేరింది. ఒక్కొక్కరే దిగుతున్నారు, ఆర్తి దిగింది, ఎండకు కమిలిన మొహం, జడ ఊడిపోయి, కళ్ళ కింద నలుపు. వల్లి మణికట్టు పట్టుకుంది.

"పాపా, ఒక్క నిమిషం ఇట్ల రా, నీకొకటి చెప్పాల."

"తర్వాత మా. నన్నే మొదట చెప్పమన్నారు." ఆర్తి తల్లి కళ్ళలోకి చూడకుండా చెయ్యి విడిపించుకుంది, గట్టిగా కాదు, మెల్లగా. వెనక పిల్లలు తోసుకొచ్చారు, పాట మెట్ల మీదికి ఎక్కింది, పాటతోపాటు ఆర్తీ.

హాలులో ఫ్యాన్లు తిరుగుతున్నా గాలి లేదు. వల్లి వెనక వరసలో నిలబడింది, కూర్చోవడానికి చోటు ఉన్నా కూర్చోలేదు. ఆర్తి మైకు ముందుకు వచ్చి చేతులు వెనక్కి కట్టుకుంది, స్కూల్లో పద్యం అప్పజెప్పేటప్పుడు నిలబడినట్టు, తమిళంలో, స్పష్టంగా, ఎక్కడా తడబడకుండా చెప్పింది. మంట ముందు కూర్చున్నాననీ, మొదట మనసు తెరుచుకోలేదనీ, అమ్మ ఇంకా అడగమని చెప్పిందనీ, అడిగాననీ, అప్పుడు లోపల ఏదో కరిగిపోయినట్టు అయి కన్నీళ్ళు ఆగలేదనీ. అమ్మకు ఇచ్చినవాడు నాకూ ఇచ్చాడు, అంది. జనం స్తోత్రం అన్నారు. జయప్రకాశ్ అన్న కళ్ళు తుడుచుకున్నాడు, ఆయనకు అనుమానం రాలేదు, అంతమంది పిల్లల్లో ఎవరు ఎప్పుడు ఏడ్చారో ఎవరు చూస్తారు. వల్లి ఒక్కదానికే తెలుసు. మంట అయిపోయిన మర్నాడే కదా పిల్ల ఫోన్ చేసింది, ఆ తరవాత ఇంకో మంట లేదు, క్యాంపు ఆఖరి సాయంత్రం అక్కడి హాలులో పాటలే ఉంటాయి. ఒక్క సాయంత్రం గడువు ఇచ్చింది తాను. గడువులోగా పిల్ల తెచ్చి ఇచ్చింది, తల్లి అడిగింది అడిగినట్టు, ఒక్క మాట తగ్గకుండా. చప్పట్లు కొట్టడానికి వల్లి చేతులు కూడా లేచాయి, ఇన్నేళ్ళ అలవాటు, అవి ఆమెను అడగలేదు.

కిందికి దిగేటప్పుడు మెట్ల మీద ఆర్తి వచ్చి కలిసింది. మరగతమ్మ రెండు మెట్లు కింద మెట్ల కమ్మీ పట్టుకుని ఆగి, వెనక్కి తిరిగి, "మీ ఇంట్లో ఇంకో దీపం వెలిగింది వల్లీ," అని పిల్ల బుగ్గలు పుణికింది. ఆర్తి వంచిన తల వంచినట్టే ఉంచి, ఇంటి మాటలో, పెదాలు కదిలీ కదలకుండా అడిగింది.

"సరిగ్గా చెప్పినానా మా?"

నాలుగు మాటలూ సిద్ధంగానే ఉన్నాయి. చుట్టూ తెలుగు తెలిసిన మనిషి ఒక్కరూ లేరు. చెప్పి ఉండొచ్చు, అక్కడే, ఆ మెట్టు మీదే, మరగతమ్మ నవ్వుతూ చూస్తుండగానే చెప్పి ఉండొచ్చు, ఆమెకు అది ఇంకో తల్లి ముద్దులాగే వినబడి ఉండేది. వల్లి బిడ్డ మొహం చూసింది. ఎంత అలసిపోయి ఉందో. చెబితే ఇంతసేపూ అందరి ముందూ ఆడింది అబద్ధమని కదా చెప్పినట్టు, అది పడ్డ ఈ కష్టమంతా వట్టిదని కదా చెప్పినట్టు, ఇప్పుడు కాదు, ఇంటికి పోయాక, అన్నం తిన్నాక, నిద్రపోయి లేచాక.

"బాగా చెప్పినావు పాపా," అంది.

"అట్లయితే వచ్చే సంవత్సరం నన్ను పంపవు గదా? నాకు వచ్చేసింది గదా, మళ్ళా పోయే పని లే గదా?"

వల్లి నోరు తెరిచింది. ఆర్తి మొదటిసారి తల ఎత్తి తిన్నగా ఆమె కళ్ళలోకి చూస్తోంది, జవాబు కోసం, ఊపిరి బిగబట్టి.

"పోయే పని లే," అంది వల్లి.

ఆర్తి మొహం విప్పారింది. బస్సు దిగినప్పటి నుంచీ చూడని సంతోషం, నటన లేని సంతోషం, ఆ అలసట మీదే తెల్లగా వచ్చి నిలిచింది. సంచి తల్లి చేతికిచ్చి, మరగతమ్మను తప్పుకుంటూ, రెండేసి మెట్లు ఒక్కసారిగా దూకుతూ గబగబా కిందికి దిగిపోయింది.